తిరుపతి నుంచి స్టుట్‌గార్ట్‌కి నలుగురం, చలికాలంలో: చెన్నైలో ఎక్కాలా, బెంగళూరులో ఎక్కాలా?

అలిపిరి_రోడ్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా బావమరిది జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అమ్మానాన్నల్ని తీసుకుని ఒకసారి రండి బావా అని చాలా రోజులుగా పోరు పెడుతున్నాడు. వెళ్లేది నలుగురం: నేను, మా ఆవిడ, అత్త, మామ. మామకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. కొండకు వెళ్లినా సీనియర్ సిటిజన్ దర్శనమే, ఎక్కువసేపు నిలబడలేరు.

మొదట వేసవి సెలవులకే చూశాం. మే, జూన్‌లో మనిషికి లక్ష దగ్గర్లో చూపిస్తుంటే ఆ ఆలోచన మానుకున్నాం. చలికాలంలో బాగా తగ్గుతుందని అందరూ అంటున్నారు గానీ నేను వెతికితే పొద్దున ఒక రేటు, సాయంత్రం ఒక రేటు. ఊళ్లో ఒక ట్రావెల్స్ ఆయన్ని అడిగితే "ఇప్పుడే వేసేయండి సార్, రేపటికి ఈ రేటు ఉండదు" అంటాడు. నలుగురికీ కలిపి రెండు లక్షల పైమాట, ఆయన తొందర పెట్టాడని కట్టేసే డబ్బు కాదు కదా.

మాకు సెలవులు కుదిరేది రెండు సమయాల్లో. నవంబర్ మూడో వారం నుంచి డిసెంబర్ రెండో వారం లోపు, లేదంటే సంక్రాంతి అయ్యాక. మూడు వారాలు ఉండి వస్తాం. మనిషికి రానూపోనూ 55 వేలలో పడితే సంతోషం, 60 దాకా సర్దుకుంటాం. రేణిగుంటలో విమానం ఎక్కి హైదరాబాద్ వెళ్లి అక్కడి నుంచి పోవడం మంచిదా, చెన్నైకి కారులో పోవడం మంచిదా, బెంగళూరా? ఎన్ని నెలల ముందు వేయాలి? వీసా రాకముందే టికెట్ కొనాలా? ఇంట్లో అందరం మొదటిసారి విమానం ఎక్కేవాళ్లమే, పెద్దవాళ్లతో ప్రయాణం కాబట్టి కొంచెం టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.


రానూపోనూ రాశారు:

సార్, 55 వేలు చలికాలంలో దొరకని రేటు కాదు. తేదీలు అటూ ఇటూ జరుపుకోగలిగితే చాలు. మీకు ఆ వీలు ఉంది కాబట్టి నాకు తెలిసిందంతా రాస్తాను, కాస్త పొడుగవుతుంది.

విమానాల వాళ్ల లెక్కలో చలికాలం షెడ్యూల్ అక్టోబర్ చివరి ఆదివారం మొదలై మార్చి చివరి శనివారంతో అయిపోతుంది. అయితే ఆ అయిదు నెలలూ చవకగా ఉండదు, మధ్యలో క్రిస్మస్ ఉంది. డిసెంబర్ రెండో వారం దాటిందంటే రేట్లు ఎగబాకుతాయి, జనవరి మొదటి వారం వరకు దిగవు. ఇది చాలామందికి తెలుసు. చాలామంది పట్టించుకోనిది ఏమిటంటే, రద్దీ ఏ వైపుకి అన్నది. క్రిస్మస్ సెలవులకు ఇంటికొచ్చిన మనవాళ్లు సంక్రాంతి కూడా చూసుకుని తిరిగి వెళ్తారు. బ్రిటన్‌లో జనవరి అడ్మిషన్ వచ్చిన పిల్లలు కూడా అదే సమయంలో బయల్దేరతారు. అందుకని జనవరి సగం దాటేదాకా ఇక్కడి నుంచి యూరప్ వైపు సీట్లు తేలిగ్గా దొరకవు. మీరు "సంక్రాంతి అయ్యాక" అంటున్నారు, కనుమ మర్నాడే బయల్దేరదామని చూస్తే ఎక్కువ రేటే కనిపిస్తుంది. జనవరి ఆఖరి వారానికి జరపండి, అక్కడి నుంచి మార్చి మొదటి వారాల దాకా మంచి కాలం. ఆ తర్వాత ఈస్టర్ వస్తుంది, జర్మనీ యూనివర్సిటీల్లో ఏప్రిల్‌లో మొదలయ్యే సెమిస్టర్‌కి విద్యార్థులు బయల్దేరతారు, మళ్లీ పెరుగుతుంది.

పొద్దున ఒక రేటు, సాయంత్రం ఒక రేటు అన్నారు. మీరు పదేపదే చూడటం వల్ల పెంచుతున్నారని కొందరు చెప్తారు, బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో పెట్టుకోమంటారు. దానికీ దీనికీ సంబంధం లేదు. ఎకానమీలో సీటు ఒకటే అయినా రేటు ఒకటి కాదు. వై, బీ, ఎం, హెచ్, క్యూ అని అక్షరాలు పెట్టి పదికి పైగా తరగతులు చేసి, ఒక్కో తరగతిలో ఇన్ని అని సీట్లు అమ్మకానికి వదులుతారు. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్ల కోటా లాంటిదే, ఆ కోటా అయిపోతే మిగిలేది పై రేటు. ఎవరైనా హోల్డ్‌లో పెట్టి వదిలేస్తే కింది తరగతి సీటు మళ్లీ కనిపిస్తుంది. అందుకే అలా ఊగుతుంది.

మీరు నలుగురు కాబట్టి ఇది బాగా గుర్తుపెట్టుకోండి. నలుగురికి కలిపి వెతికినప్పుడు, తక్కువ తరగతిలో రెండో మూడో సీట్లే మిగిలి ఉంటే, సిస్టమ్ ఆ రెండూ తక్కువకి, మిగతావి ఎక్కువకి అని చూపించదు. నలుగురినీ పై తరగతి రేటుకే ఎక్కించేస్తుంది. కాబట్టి ముందు ఒక్కరికి వెతకండి, తర్వాత ఇద్దరికి, తర్వాత నలుగురికి. మనిషి రేటు మారిందంటే విషయం అర్థమైనట్టే. అప్పుడు ఇద్దరిద్దరుగా రెండు బుకింగులు చేసుకోవచ్చు. మీరూ మామగారూ ఒక దాంట్లో, మీ ఆవిడ, అత్తగారు ఒక దాంట్లో. పెద్దవాళ్లిద్దర్నీ ఒక పీఎన్ఆర్‌లో ఒంటరిగా వేయకండి. ఏదైనా తేడా వచ్చి విమానం మార్చినప్పుడు ఒక పీఎన్ఆర్ వాళ్లనే కలిపి పంపుతారు. రెండు బుకింగులూ అయ్యాక ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి, రెండు పీఎన్ఆర్‌లలోనూ కలిసి ప్రయాణిస్తున్నట్టు రాయించండి.

వెతకడానికి గూగుల్ ఫ్లైట్స్ చాలు. తేదీల పట్టిక అని ఒకటి ఉంటుంది, వెళ్లే తేదీ ఒక వైపు, వచ్చే తేదీ ఒక వైపు పెట్టి అన్ని కలయికల రేట్లూ ఒకేసారి చూపిస్తుంది. ఒక్కసారి అది తెరిచి చూస్తే ఆదివారం వచ్చేదాన్ని బుధవారానికి మారిస్తే ఎంత మిగులుతుందో కళ్లకు కనపడుతుంది. స్కైస్కానర్‌లో తేదీ బదులు నెల మొత్తం పెట్టి వెతకొచ్చు. రెండింట్లోనూ రేటు మారితే మెయిల్ వచ్చేలా పెట్టుకోండి, రెండు మూడు వారాలు ఊరికే గమనించండి, మీ రూటులో మామూలు రేటు ఎంతో, మంచి రేటు ఎంతో మీకే తెలిసిపోతుంది. అప్పుడు ఆ ట్రావెల్స్ ఆయన తొందర పెట్టినా మీకు కంగారు ఉండదు. నా మటుకు బయల్దేరడానికి రెండు నుంచి నాలుగు నెలల ముందు వేసుకుంటే సరిపోతుంది. మంగళవారం రాత్రి కొంటే తక్కువ అన్నది పాత మాట. మంగళ, బుధవారాల్లో ప్రయాణిస్తే తక్కువ అన్నది మాత్రం చాలాసార్లు నిజం.

ఇంకొకటి, వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి విడివిడిగా కొనకండి. పెద్ద ఎయిర్‌లైన్లలో రానూపోనూ కలిపి కొంటేనే తక్కువ, కొన్నిసార్లు వన్ వే టికెట్టే రానూపోనూకి దగ్గరగా ఉంటుంది. ఒక ఊళ్లో దిగి ఇంకో ఊరి నుంచి తిరిగి రావాలన్నా మల్టీ సిటీ అని పెట్టి ఒకే టికెట్‌గా తీసుకోవచ్చు.


గుడిపాల_గేటు రాశారు:

మాది చిత్తూరు. ఎయిర్‌పోర్ట్ సంగతి నేను చెప్తాను, మీ రెండు సమయాల్లో ఏది అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

నవంబర్ మూడో వారం నుంచి డిసెంబర్ మొదటి వారం అంటే యూరప్‌కి ఆఫ్ సీజన్, మనకి తుపాన్ల సీజన్. టికెట్ వెబ్‌సైట్లు ఏవీ ఇది చెప్పవు. 2023 డిసెంబర్ 4న మిచౌంగ్ తుపానుకి చెన్నై ఎయిర్‌పోర్ట్ రన్‌వే మీద నీళ్లు నిలిచి మర్నాడు ఉదయం దాకా మూసేశారు, రైళ్లు కూడా చాలా రద్దయ్యాయి. 2024 నవంబర్ 30న ఫెంగల్ తుపానుకి మళ్లీ మూతే. 2021 నవంబర్‌లో మన తిరుపతి మునిగింది అందరికీ గుర్తుంది, ఘాట్ రోడ్లు, రైల్వే అండర్ బ్రిడ్జిలు అన్నీ నీళ్లే. కాబట్టి నవంబర్‌లో వెళ్లాలనుకుంటే బెంగళూరు చూడండి. చెన్నై నుంచే కావాలంటే ముందురోజే వెళ్లి ఎయిర్‌పోర్ట్ దగ్గర్లో రూమ్ తీసుకోండి. ఆ రూమ్ ఖర్చు టికెట్ ఖర్చులో కలుపుకుని పోల్చుకోండి.

సంక్రాంతి తర్వాత అయితే చెన్నైకి ఆ భయం లేదు. తిరుపతి నుంచి చెన్నై ఎయిర్‌పోర్ట్ 150 కిలోమీటర్ల లోపే, పుత్తూరు, నగరి మీదుగా పోతారు. బెంగళూరు ఎయిర్‌పోర్ట్ దేవనహళ్లిలో ఉంది, మీకు సుమారు 250 కిలోమీటర్లు. చిత్తూరు వాళ్లకి రెండూ దాదాపు ఒకటే కాబట్టి మేము రెండూ చూసి తక్కువ ఉన్నది వేసుకుంటాం, మదనపల్లె వాళ్లయితే బెంగళూరు తప్ప ఇంకో ఆలోచనే చేయరు. జనవరిలో బెంగళూరు వైపు ఒక ఇబ్బంది ఉంది, తెల్లవారుజామున పొగమంచు. మొగిలి ఘాట్ నుంచి పలమనేరు దాటేదాకా రోడ్డు మీదా ఉంటుంది, దేవనహళ్లిలో రన్‌వే మీదా ఉంటుంది. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకో రెండుగంటలకో లేచే విమానమైతే ఫరవాలేదు, అయిదు నుంచి ఎనిమిది మధ్యవి ఆలస్యమవుతుంటాయి.

ఎక్కడి నుంచి ఏవి ఉన్నాయంటే, చెన్నై నుంచి లుఫ్తాన్సా నేరుగా ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్తుంది, బ్రిటిష్ ఎయిర్‌వేస్ లండన్ వెళ్తుంది. బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, లండన్ అన్నిటికీ నేరుగా ఉన్నాయి. పోటీ ఎక్కువ కాబట్టి చలికాలంలో బెంగళూరు రేటు తక్కువ పడే అవకాశం ఎక్కువ. కానీ తేడా మనిషికి రెండు మూడు వేలే అయితే తిరుపతి నుంచి మీకు చెన్నైయే నయం, కారు ఖర్చు, పెద్దవాళ్ల అలసట కలిపి చూసుకోండి. లండన్ మీదుగా మాత్రం వద్దు. అది షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో) లేదు, మన పాస్‌పోర్ట్‌కి అక్కడ విమానం మారడానికి కూడా విడిగా ట్రాన్సిట్ వీసా అడుగుతారు.

సామాను తక్కువ ఉంటే రైల్లో చెన్నై సెంట్రల్‌లో దిగి మెట్రో బ్లూ లైన్ ఎక్కితే నేరుగా ఎయిర్‌పోర్టులోనే దిగొచ్చు. మన బస్సులు ఆగేది మాధవరంలో, అక్కడి నుంచి ఎయిర్‌పోర్ట్ చాలా దూరం. మీ మామగారితో అయితే కారే.

రేణిగుంట నుంచి హైదరాబాద్ విమానం విడిగా, హైదరాబాద్ నుంచి యూరప్ విడిగా వేసుకోవద్దు. మొదటిది ఆలస్యమైతే రెండోదానికి ఎవరూ పూచీ ఉండరు. రెండూ ఒకే టికెట్‌లో వస్తేనే ఆలోచించండి.


చవక_దారి రాశారు:

ఇంకా తక్కువకి ఒక మార్గం ఉంది. చెన్నై నుంచి షార్జా మీదుగా ఎయిర్ అరేబియాలో వియన్నా, మిలాన్, ఏథెన్స్ వైపు వెళ్లొచ్చు. అక్కడి నుంచి లోకల్ లో కాస్ట్ విమానం గానీ రైలు గానీ. మీ బావమరిది వియన్నాకి వచ్చి రిసీవ్ చేసుకుంటే ఆ ఊరు కూడా చూసినట్టు ఉంటుంది. నేను వెళ్లింది అలాగే, నాకు బాగా కలిసొచ్చింది.


రానూపోనూ రాశారు:

చవక_దారి గారూ, ఒంటరిగా వీపున బ్యాగ్ వేసుకుని వెళ్లేవాళ్లకి మీరు చెప్పింది చక్కటి దారి, కాదనను. ఇక్కడ మోకాళ్ల నొప్పులతో 68 ఏళ్ల మనిషి ఉన్నారు. వియన్నా నుంచి స్టుట్‌గార్ట్ రైల్లో ఏడు గంటల మాట. పైగా విడివిడి టికెట్లంటే మధ్యలో దిగిన ప్రతిచోటా సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి, ఒకటి ఆలస్యమైతే తర్వాతి టికెట్ పోయినట్టే.

గల్ఫ్ మీదుగా వద్దని నేననడం లేదు. దోహా, దుబాయ్, అబుదాబి మీదుగా వెళ్లేవే చాలాసార్లు అందరికంటే తక్కువ ఉంటాయి, నాలుగు గంటలు కూర్చుని, దిగి నాలుగడుగులు వేసి, మళ్లీ ఆరేడు గంటలు కూర్చోవడం కొందరు పెద్దవాళ్లకి పది గంటల నేరు విమానం కంటే హాయి. కానీ మొత్తం ఒకే పీఎన్ఆర్ ఉండాలి. 2025 జూన్ 23న ఖతార్ తన ఎయిర్‌స్పేస్ కొన్ని గంటలు మూసేసింది, ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఒకే టికెట్ ఉన్నవాళ్లని గమ్యం చేర్చే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. ముక్కలుగా కొనుక్కున్నవాళ్లు మిగతా ముక్క మళ్లీ తమ డబ్బుతోనే కొనుక్కోవాలి. మధ్యలో ఆగే సమయం రెండున్నర గంటలకి తగ్గకుండా, అయిదు గంటలు దాటకుండా చూసుకోండి. గంటా పది నిమిషాల కనెక్షన్ చూపిస్తే రూల్ ప్రకారం సరిపోతుందంటారు గానీ వీల్‌చైర్ వచ్చేదాకా ఆగే మనిషికి సరిపోదు.

యూరప్ వాళ్ల రూల్ ఒకటి మనకి పనికొచ్చేది ఉంది. అక్కడి నుంచి బయల్దేరే ఏ విమానమైనా, మన వైపు నుంచి వెళ్లేటప్పుడు అయితే యూరప్ ఎయిర్‌లైన్ విమానమైతే, వాళ్ల తప్పు వల్ల మూడు గంటలకు మించి ఆలస్యంగా చేరితే ఇంత దూరానికి మనిషికి 600 యూరోల దాకా పరిహారం అడగొచ్చు. తుపాను, మంచు లాంటివాటికి పరిహారం రాదు, భోజనం, బస మాత్రం చూడాలి. రేట్లు సమానంగా ఉన్నప్పుడు నేను యూరప్ ఎయిర్‌లైన్ వైపు మొగ్గడానికి ఇదొక కారణం.


మదనపల్లె_అమ్మాయి రాశారు:

అన్నా, నేను జర్మనీలోనే ఉంటాను, స్టుట్‌గార్ట్‌కి దగ్గరే. టికెట్ గురించి పైన అన్నీ చెప్పేశారు, ఇక్కడ దిగాక సంగతి నేను చెప్తాను.

స్టుట్‌గార్ట్ దాకానే టికెట్ కావాలని పట్టుబట్టకండి. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్ట్‌ని ఆనుకునే రైల్వే స్టేషన్ ఉంది, అక్కడి నుంచి స్టుట్‌గార్ట్‌కి ఐసీఈ అనే హైస్పీడ్ రైల్లో గంటన్నర లోపే. ఫ్రాంక్‌ఫర్ట్ వరకు ఒకసారి, స్టుట్‌గార్ట్ వరకు ఒకసారి వెతికి రెండు రేట్లూ చూడండి. కొన్ని ఎయిర్‌లైన్లు విమానం టికెట్‌తో పాటే రైలు టికెట్ కూడా కలిపి అమ్ముతాయి. మీరు మూడు వారాలు ఉంటారు కాబట్టి డాయిచ్‌లాండ్ టికెట్ గురించి మీ బావమరిదిని అడగండి. 2026 జనవరి నుంచి నెలకి 63 యూరోలు, దేశమంతా లోకల్ రైళ్లు, బస్సులు, ట్రామ్‌లు ఎన్నిసార్లైనా ఎక్కొచ్చు, ఐసీఈలో మాత్రం చెల్లదు. అది చందా లాంటిది, నెల మొదట్లోనే రద్దు చేయమని చెప్పకపోతే తర్వాతి నెలకి కూడా డబ్బు కట్ అవుతుంది.

రెండు సమయాల్లో ఏది అంటే, నవంబర్ చివర్లో క్రిస్మస్ మార్కెట్లు మొదలవుతాయి, స్టుట్‌గార్ట్‌ది చాలా పెద్దది, చూడ్డానికి కన్నుల పండుగ. కానీ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. పెద్దవాళ్లకి అది కష్టం అన్నా, మా అమ్మ వచ్చినప్పుడు నాలుగింటికే లైట్లు వేయాల్సొస్తుంటే "ఇదేం ఊరే తల్లీ" అని కిటికీ దగ్గరే కూర్చునేది. అదే ఫిబ్రవరి చివరికొచ్చేసరికి ఆరింటిదాకా వెలుతురు ఉంటుంది. చలి రెండింట్లోనూ ఉంటుంది, ఫిబ్రవరిలో సున్నాకి అటూ ఇటూ, మంచు కూడా పడొచ్చు. నాకైతే జనవరి చివర్లో బయల్దేరి ఫిబ్రవరి మూడో వారంలో తిరిగి వెళ్లడం బాగుంటుందనిపిస్తుంది. మార్కెట్లు ఉండవు, దాని బదులు మ్యూజియంలు, కోటలు ఖాళీగా ఉంటాయి, మీ మామగారు ఎక్కడా లైన్లో నిలబడక్కర్లేదు. పారిస్ కూడా వెళ్తే నెల మొదటి ఆదివారం చూసుకోండి, నవంబర్ నుంచి మార్చి దాకా ఆ రోజున వెర్సాయ్ కోటకి ప్రవేశం ఉచితం.

వీసాకి మనిషికి 90 యూరోలు, 2024 జూన్ నుంచి ఇదే. వీసా సెంటర్ వాళ్ల సర్వీస్ చార్జి దానికి అదనం. నలుగురికీ కలిపితే ఇంకో టికెట్‌లో పెద్ద భాగం అయిపోతుంది, బడ్జెట్‌లో ముందే రాసుకోండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి, మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు గానీ ఒక్కోసారి 45 దాకా పట్టొచ్చు. వేలిముద్రలకి నలుగురూ స్వయంగా వెళ్లాలి. వాటికి 59 నెలలు చెల్లుబాటు, తర్వాతిసారి మళ్లీ ఇవ్వక్కర్లేకపోవచ్చు. కనీసం 30 వేల యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. మామగారి మోకాళ్ల సంగతి, బీపీ షుగర్ ఉంటే అవి కూడా పాలసీలో దాచకుండా రాయండి. మీ బావమరిది ఇక్కడి ఫారినర్స్ ఆఫీసుకి వెళ్లి, ఖర్చులకి నాది పూచీ అని ఒక పత్రం తీసుకోవచ్చు, 29 యూరోలు. పెన్షన్ తప్ప వేరే ఆదాయం చూపించలేని తల్లిదండ్రులకి అది చాలా బలం.

సామానులో పొడులు, పచ్చళ్లు, మామిడి తాండ్ర తీసుకురండి. నెయ్యి, పాలకోవా, ఎండు చేపలు వద్దు. బయటి దేశాల పాల, మాంసం పదార్థాలు యూరప్‌లోకి రానివ్వరు. చేపలకు వేరే రూల్ ఉన్నా వాసనకి బ్యాగ్ విప్పిస్తారు.


అలిపిరి_రోడ్ రాశారు:

అందరికీ చాలా థాంక్స్. నవంబర్ మానేశాం, జనవరి ఆఖరి వారానికే అనుకుంటున్నాం. మా ఆవిడకి మార్కెట్లు చూడాలని ఉంది గానీ వాళ్ల నాన్న కోసం సరే అంది. ఇద్దరిద్దరుగా వెతికితే నిజంగానే మనిషికి రేటు తగ్గి కనిపించింది. ఇప్పుడు సందేహం ఒక్కటే, వీసా రాకముందు టికెట్ కొనాలా వద్దా? కొనకపోతే రేటు పెరుగుతుందేమో, కొంటే వీసా రాకపోతే డబ్బు పోతుందేమో. ఇంకా, ఒక సైట్‌లో ఎయిర్‌లైన్ సొంత సైట్ కంటే మూడు వేలు తక్కువ చూపిస్తోంది, అందులో తీసుకోవచ్చా?


కౌంటర్_పక్కన రాశారు:

నేను టికెట్ల పనిలోనే ఉన్నాను, తిరుపతిలోనే. ఎవరి దగ్గర కొన్నా సరే, ఇవి మాత్రం చూసుకోండి.

వీసాకి డబ్బు కట్టేసిన టికెట్ అక్కర్లేదు, రానూపోనూ రిజర్వేషన్ కాగితం చాలు. వీసా వచ్చేదాకా, రద్దు చేస్తే డబ్బు తిరిగిరాని టికెట్ కొనవద్దనే కాన్సులేట్‌లు కూడా చెబుతాయి. మీకు ఇంకా వ్యవధి ఉంది కాబట్టి ముందుగా అప్లై చేయండి, వీసా చేతికొచ్చాక కూడా రెండు నెలలు మిగిలితే మంచి రేటే దొరుకుతుంది. మధ్యలో బాగా తక్కువ కనపడి ఆగలేకపోతే, రద్దు చేస్తే చార్జి పోను మిగతాది తిరిగొచ్చే తరగతి తీసుకోండి. మనిషికి ఎంత పోతుందో ఫేర్ రూల్స్‌లో రాసి ఉంటుంది, అది చదివాకే డబ్బు కట్టండి. కొన్ని ఎయిర్‌లైన్లలో కొంచెం రుసుము కట్టి రేటుని రెండు మూడు రోజులు ఆపుకోవచ్చు.

మూడు వేలు తక్కువ ఉన్న సైట్ సంగతి. ముందు అందులో చెకిన్ బ్యాగ్ ఉందో లేదో చూడండి. "లైట్" అని ఉంటే చేతి సామాను మాత్రమే, తర్వాత బ్యాగ్ కొంటే ఆ మూడు వేలకంటే ఎక్కువే అవుతుంది. బ్యాగ్ ఉన్నా సరే, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడు నేనైతే ఎయిర్‌లైన్ సైట్‌లోనే కొంటాను. మా చుట్టాల్లో ఒకరికి తేదీ మార్చాల్సొస్తే ఎయిర్‌లైన్ వాళ్లు "మీ ఏజెన్సీని అడగండి" అన్నారు, ఆ ఆన్‌లైన్ ఏజెన్సీ వాళ్లు "ఎయిర్‌లైన్ నుంచి రావాలి" అన్నారు, రీఫండ్ కోసం నెలల తరబడి మెయిళ్లు పెట్టారు. అంత అవస్థ పడటానికి మూడు వేలు చాలవు. ఊళ్లో తెలిసిన ఏజెంట్ దగ్గర కొంటే కనీసం వెళ్లి ఎదురుగా కూర్చుని అడగొచ్చు. ఒక మాట, టికెట్, హోటల్ కలిపి ప్యాకేజీగా తీసుకుంటే టీసీఎస్ (అమ్మేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు, విమానం టికెట్ ఒక్కటే అయితే అది ఉండదు. మీరు బావమరిది ఇంట్లోనే దిగుతున్నారు కాబట్టి ప్యాకేజీ జోలికి పోనక్కర్లేదు.

టికెట్ కొన్నరోజే మామగారికి వీల్‌చైర్ పెట్టించండి, దానికి డబ్బు ఉండదు. మెట్లు ఎక్కగలరా లేదా అని అడుగుతారు, మొహమాటపడకుండా ఎక్కలేరనే చెప్పండి. అప్పుడే విమానం తలుపు దాకా తీసుకెళ్తారు, లేదంటే విమానం మెట్ల దగ్గర వదిలేస్తారు. భోజనం కూడా అప్పుడే. ఏవీఎంఎల్ అని పెడితే మన తరహా శాకాహారం వస్తుంది. ఉత్త "వెజ్" అనుకుని వీజీఎంఎల్ పెడితే పెరుగు కూడా లేని వీగన్ భోజనం వస్తుంది, పెద్దవాళ్లు తినలేరు.

అన్నిటికంటే ముందు నలుగురి పాస్‌పోర్ట్‌లూ తీసి చూడండి. యూరప్ నుంచి బయటికొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లుబాటు ఉండాలి, పదేళ్ల లోపు ఇచ్చినదై ఉండాలి. పేరు, ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో టికెట్‌లో అలాగే వేయించండి. మన వైపు పెద్దవాళ్ల పాస్‌పోర్ట్‌లలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మామూలే, అలా ఉంటే టికెట్ కొనేముందు ఎయిర్‌లైన్‌ని అడగండి.


అలిపిరి_రోడ్ రాశారు:

ఇప్పుడే బీరువాలోంచి తీసి చూశాం. మా ముగ్గురివీ బాగానే ఉన్నాయి, మామది ఏప్రిల్‌లో అయిపోతోంది. ఫిబ్రవరిలో తిరిగొచ్చినా మూడు నెలలు చాలదు. ఇంటిపేరు గడి కూడా ఖాళీయే. రెన్యూవల్‌కి తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో స్లాట్ చూస్తున్నాను, అందులోనే ఇంటిపేరు కూడా విడిగా వేయించేస్తాం. అది చేతికొచ్చాక నలుగురికీ కలిపి వీసా, ఆ తర్వాతే టికెట్. కౌంటర్_పక్కన గారూ, ఇంటిపేరు మార్పుకి ఆధార్ ఒక్కటి సరిపోతుందా, పెన్షన్ కాగితాలు కూడా పట్టుకెళ్లాలా?